సదయ్య బొమ్మ

“ముక్కు జర సన్నగ జెయ్యి అలీమన్నా. మీసాలు గూడ పెట్టు,” అన్నాడు సదయ్య.

అలీముద్దీన్ చేతిలో కుంచె ఆగిపోయింది.

“నీకు మీసాలు లేవు గద!”

“లేకుంటేంది? బొమ్మల ఉంటే ఏం బోతది?”

“బొమ్మ ఎవలిది? నీదేనా, ఇంకెవలిదన్ననా?”

సదయ్య తల దించుకున్నాడు. స్టూలు మీద ఒక్క క్షణం కుదురుగా కూర్చోవడం లేదు. అలీముద్దీన్‌కు ఒళ్లు మండిపోయింది. గోదావరిఖని బజార్లో దుకాణాల బోర్డులు రాసి బతికే మనిషే అయినా, బొమ్మ గీసేటప్పుడు ఎవరి మాటా వినడు. టాకీసు వాళ్లు హీరో చెంపలకు గులాబీ రంగు పూయమంటే ఆ పనే మానేసి వచ్చాడు. నల్లటి సేటు ఒకడు తెల్లగా గీయమంటే, “సున్నం కొట్టేటోన్ని పిలుచుకో,” అని పంపేశాడు. అతనికి పని నేర్పిన ఉస్తాదు ఒకటే చెప్పేవాడు: కన్ను చూసిందే చెయ్యి గీయాలి, అల్లా చేసిన మొహాన్ని దిద్దడానికి మనమెవరం?

ఈ బొమ్మ మీద మరీ పట్టుదల. కిందటి వానాకాలం బొగ్గుబాయిలో పైకప్పు కూలినప్పుడు, పెళ్లల కింద పడ్డ ఆగయ్యను సదయ్యే ఒంటిచేత్తో ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు. ప్రాణం దక్కిన ఆగయ్య ఊరుకోలేదు. తోటివాళ్లను కూడగట్టి, సదయ్య బొమ్మ కార్మికుల హాల్లో పెట్టాల్సిందేనన్నాడు. పేరుకు కార్మికుల హాలే గానీ, దాని గోడల నిండా కోట్లూ టైలూ వేసుకున్న దొరల ఫోటోలే. వాటి నడుమ మొట్టమొదటిసారి, తట్టలతో బొగ్గు ఎత్తిపోసే మనిషి మొహం!

ఆ మనిషేమో ఆ మొహమే వద్దంటున్నాడు.

“నొసటి మీద గీ నీలం మచ్చ బొగ్గు కోసిన గాయం. గిది దాచాల్నా? ఎందుకే సిగ్గు? సిగ్గుపడాల్సింది నువ్వా, ఫ్యాన్ల కింద కూసోని సంతకాలు పెట్టేటోళ్లా?”

“సిగ్గు గాదన్నా...”

“మరేంది?”

సదయ్య గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు. మెల్లగా అన్నాడు:

“పోనీ, టోపీ కిందికి గుంజు. మొఖం సగం చీకట్ల పెట్టు. పేరు గూడ వద్దు. ‘బొగ్గుబాయి కార్మికుడు’ అని రాస్తే సాలదా?”

“సాలదు!” అలీముద్దీన్ అరిచినంత పని చేశాడు. “దొరలకైతే ఇంత పొడుగు పేర్లు. నీ బొమ్మ కింద మాత్రం ఉండద్దా? నువ్వు పేరు లేనోనివా?”

సదయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి వెళ్లిపోయాడు.

చాయ్ గ్లాసులు తీయడానికి వచ్చిన అలీముద్దీన్ భార్య కుబ్రా బేగం గుమ్మం వైపు చూస్తూ, “ఉనే షర్మారా నై జీ, డర్రా,” అంది. అది సిగ్గు కాదు, భయమని.

బాయి దిగేవాళ్లలో భయం లేనివాడెవడు? మర్నాడు అలీముద్దీన్ ఆ భయాన్ని కూడా బొమ్మ కళ్లలోకి దించాడు. అంత బాగా కుదిరినందుకు మురిసిపోయాడు.

షిఫ్టు దిగి సదయ్య మళ్లీ వచ్చాడు. పూర్తయిన బొమ్మను చూసి అలాగే నిలబడిపోయాడు. తర్వాత అలీముద్దీన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నీ కాల్మొక్త అన్నా. పిల్లలు గలోన్ని. జర మార్చు.”

“రేపు ఆ పిల్లలే మా నాయిన అని సూపిచ్చుకుంటరు, పో!”

సదయ్య ఇంకేదో చెప్పబోయాడు. అంతలో ఆగయ్య సంబరంగా లోపలికి వచ్చాడు.

“బొమ్మ తెర తీయనీకి ఆఫీసర్ సార్ రానన్నడే! దొంగ పేర్ల మీద డ్యూటీలు జేసేటోళ్లను పట్టే పనిల ఉన్నడట. నేనే బతిమిలాడి ఒప్పిచ్చిన.”

సదయ్య పట్టుకున్న చేతులు వదిలేసి బయటికి నడిచాడు.

బొమ్మ పెట్టే రోజు జ్వరమని కబురు పంపాడు. అయినా హాలు కిటకిటలాడింది. ఆఫీసర్ తెర లాగగానే చప్పట్లు మారుమోగాయి. ఆగయ్య కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆఫీసర్ మాత్రం మొహం చిట్లించాడు.

“ఏంటయ్యా, మరీ ఇంత మొరటుగానా? కాస్త అందంగా వేయాల్సింది.”

అలీముద్దీన్ ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా పైకి వచ్చింది. “మీ బాయి ఇచ్చిన మొఖమే సార్ అది! అందంగ కావాల్నంటే ముందుగాల బాయిని బాగుజేయుండ్రి!”

హాలంతా ఈలలు. ఆఫీసర్ మొహం గంటు పెట్టుకున్నాడు.

మనుమణ్ని దవాఖానకు తెచ్చి, ఎండకు తాళలేక హాల్లోకి వచ్చిన ఒక ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. గోదావరి అవతలి పల్లె ఆమెది, కనకవ్వ అంటారు. బొమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది.

“అవ్వో! గీన మా ఊరి పిలగాడే! ఎవలు గీసిండ్రు కొడుకా?”

“నేనే అవ్వా. ఎట్లున్నది?”

“ఇగ మాట్లాడుతడేమో అన్నట్టున్నది! గా ముక్కు, గా చెవులు... నా చేతుల మీద పెరిగిండు, నేను గుర్తువట్టనా?”

అలీముద్దీన్ ఛాతీ పొంగింది. “ఇన్నరా సార్? ఉన్నది ఉన్నట్టు గీస్తే గిట్లుంటది!”

ఆఫీసర్ తేలిగ్గా నవ్వేసి, బొమ్మ కింద పెద్ద అక్షరాలతో రాసిన పేరు మీద వేలు పెట్టాడు. “చూశావా అవ్వా, మీ సదయ్య ఎంత గొప్పవాడయ్యాడో!”

కనకవ్వ ఆ అక్షరాల వంక, అతని వంక అయోమయంగా చూసింది.

“సదయ్య సచ్చిపోయి శానేండ్లాయె సారూ, గీన వాని తమ్ముడు మొగిలి.”