పాడుబావిలో చేసిన ఆల్బం

పెద్దపల్లి నుంచి వచ్చిన జీపు ఆగీ ఆగకముందే బాపు దూకి, ఏడుస్తూ ఇంట్లోకి వచ్చాడు. దుబాయ్ పోయిన ఐదేళ్లకు ఇదే రావడం.

"ఎవలు సచ్చిండ్రు?" అన్నాడు.

"ఎవలు సావలే. కాళ్లు కడుక్కో," అంది అవ్వ, మా అమ్మ.

మా ఊళ్లో దుబాయ్‌కి ఉత్తరాలు రాయరు. చెప్పాల్సింది క్యాసెట్లో నింపి, పోయేవాళ్ల చేతికిస్తారు. బాపు జేబులోంచి పుర్రె బొమ్మ ఉన్న క్యాసెట్ తీసి టేప్‌రికార్డర్లో పెట్టాడు. ముందొక కేక, తర్వాత బిందెల మోత, గిటార్ మూలుగు, నలుగురి అరుపులు.

"గిది విని రూంల అందరు ఏడ్చిండ్రు. సేటు కాళ్లు మొక్కి సెలవు తెచ్చుకున్న."

అది మా బ్యాండ్ మొదటి ఆల్బం. సైకడెలిక్ రాక్. ప్రతిధ్వని కోసం ఎండిన బావిలో దిగి నెలరోజులు రికార్డు చేశాం. హైదరాబాద్ కంపెనీకి పంపాల్సిన ఆ ఒక్క క్యాసెట్ కోసం పదిహేను రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నాను.

"సదువు రానిదాన్ని. పంపేటప్పుడు క్యాసెట్ మారిపోయినట్టుంది," అంది అవ్వ.

బాపు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే నా పక్కకొచ్చింది.

"ఐదేండ్లు రమ్మని నింపి పంపిన, రాలే. మీ అరుపులకు ఉరికొచ్చిండు. నెలకు మళ్ల పోతడట మీ బాపు. రెండోది మొదలువెట్టుండ్రి బిడ్డా, బాయిల చాప నేను పరుస్త."