డెక్క పడని వంతెన

లోయలో వాగు ఏటా లేళ్లను మింగేస్తోందని జంబయ్య అనే ఎలుగు రాతి వంతెన కట్టాడు. నడుమ స్తంభం నిలవనంత లోతు కాబట్టి, రాయిని రాయి ఒత్తుకుని నిలిచేలా విల్లులా వంచి కట్టాడు.

చూడ్డానికొచ్చిన పులిరాజు మురిసిపోయాడు. "ఎంత అందం! డెక్కలు పడితే పాడైపోదూ? దీన్నెవరూ ఎక్కకూడదు."

"ప్రభూ, బరువు పడితే రాళ్లు ఇంకా బిగుస్తాయండీ. నడవడానికే కట్టాను," అన్నాడు జంబయ్య.

"కట్టడం తెలిసినంత మాత్రాన అందం తెలుస్తుందా?" అని రాజు పక్కనున్న నెమలి నవ్వింది.

జంబయ్య మెడలో దండ వేసి సాగనంపారు.

ఆ వానల్లో వాగు దాటబోయి ఒక లేడిపిల్ల కొట్టుకుపోయింది. తల్లి లేడి జంబయ్యతో, "నువ్వు కట్టకపోయినా బాగుండేది మామా, ఆశపడేవాళ్లం కాదు," అంది.

గట్టు మీద నెమలి అతిథులతో అంటోంది: "చూశారా, వరదొస్తే వంతెన మరీ అందంగా ఉంటుంది!"