ఊక మీద ఆఖరి రాయి

“కొట్టకు మావా! కొడితే దాన్తోపాటు నీ రాయీ పోద్ది. మెల్లగ ఒదులు!”

గోదాము గుమ్మంలోంచి పైడితల్లి వేసిన కేకకి బుల్లియ్య చెయ్యి ఆగింది.

అహ్లోన్ రైస్ మిల్లు దొరది స్కాట్లండు. తమ దేశంలో మంచు మీద ఆడే ఆటని కూలీలకి గోదాములో నేర్పాడు. మంచుకి బదులు సిమెంటు నేల, దాని మీద పల్చగా ఊకపొడి. పిడి ఉన్న గుండ్రాయిని జార్చాలి. సున్నంతో గీసిన వలయం నడిమికి ఎవరి రాయి దగ్గరైతే వాడిదే గెలుపు. రాయి ముందు ఊక ఊడిస్తే ఇంకాస్త దూరం పోతుంది.

వలయంలో గోపాలం రాయి తిష్ఠ వేసింది. దాని ముందు మరొకటి కాపలా. ఇక మిగిలింది బుల్లియ్య ఆఖరి రాయి.

గోపాలమంటే బుల్లియ్యకి ఒళ్లుమంట. ఒంటికాయ శొంఠికొమ్ము, పక్కగదిలోనే మకాం. వాడు ఈల వేస్తే పైడితల్లి గాజులు గలగలమన్నట్టే వినిపించేది. “మా గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడతాను” అని పోయిన నెలే వాడికి చెప్పేశాడు. ఆనాటి నుంచీ పైడితల్లికి మూతిముడుపే. అది చూసి అతని కడుపు ఇంకా రగిలింది.

పందెం మాట వచ్చాక మాత్రం ఆమె మారిపోయింది. దొర బంగళాలో పని కదా, ఆ ఆట పద్ధతులన్నీ అక్కడే విని మొగుడికి నూరిపోసింది. ఇవాళ కుండెడు చేపల పులుసు కూడా వండింది.

“నువ్వే గెలవాల మావా” అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. బుల్లియ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

పిడి కాస్త తిప్పి మెల్లగా వదిలాడు.

“ఊడువు అప్పయ్యా! ఊడువు! సాలు, ఆపీ!”

బుల్లియ్య అరుపుకి అతని జట్టువాడు అప్పయ్య చీపురు ఎత్తేశాడు. రాయి కాపలాని తప్పించుకుని, వంపు తిరిగి, సరిగ్గా నడిమిన ఆగింది. పైడితల్లి చప్పట్లు కొట్టి ఇంటికి పరుగెత్తింది.

“సూసేవేటి?” అని బుల్లియ్య మీసం దువ్వాడు.

గోపాలం నవ్వాడు. ఆ నవ్వు బుల్లియ్యకి నచ్చలేదు.

దొర ఏదో అంటే మేస్త్రీ తెలుగులో చెప్పాడు. “ఈ ఆటకో ఆనవాయితీ ఉందట. గెలిచినోడు ఓడినోడిని ఇంటికి తీసికెల్లి బువ్వ పెట్టాల.”

“ఆడికా? నా ఇంట్లోనా?”

“దొర మాటరా. ఇయ్యాలే.”

దొర మాట కాదంటే రేపు పని ఉండదు. పళ్లు నూరుకుంటూ నడిచాడు బుల్లియ్య. వెనకే ఈల వేసుకుంటూ గోపాలం. ఆ గడప తనే దాటించాడు.

లోపల అప్పటికే మూడు విస్తళ్లు వేసి ఉన్నాయి.