ఆరంగుళాల కోత

"పైన డిజైను గదిలో సీటు ఒక్కటే. మీ ఇద్దరిలో ఎవరి కుర్చీ బాగుంటే వాళ్ళు రేపట్నుంచి అక్కడ కూర్చుంటారు. రెండోవాళ్ళు కిందే, రంపం దగ్గరే" అంది ఓనరమ్మ, ఇద్దరి ముందూ చెరో కంప్యూటరు పెట్టి.

బావ బామ్మర్దిని కొరకొరా చూశాడు. పదిహేనేళ్ళుగా ఈ వడ్రంగి షెడ్డులో రంపపు పొట్టు మింగుతున్నది తను. నిరుడొచ్చిన వీడు తనకి పోటీనా? పైగా ఇంట్లో పెళ్ళాం పొద్దస్తమానం "మా తమ్ముడి బుర్రే బుర్ర" అని ఊదరగొడుతుంది. ఈ సీటు కూడా వీడికే దక్కితే ఇక ఆ కొంపలో ముద్ద దిగదు.

"మొదటి పాఠమే, భయపడకండి" అంది ఓనరమ్మ. "పెట్టె ఆకారం ఒకటి తీసుకోండి. దాన్ని జరపొచ్చు, తిప్పొచ్చు, సాగదీయొచ్చు, కుదించొచ్చు. వీటితోనే కుర్చీ తయారవ్వాలి. ఒకటో తరగతి పిల్లల కోసం బడివాళ్ళు అడిగారు, వాళ్ళకి చూపించాలి. కాలు ఒక్కటి చేసి, మిగతా మూడూ దానికి జంట నకళ్ళుగా పెట్టుకోండి. అప్పుడు ఒక కాలిని ముట్టుకుంటే చాలు, నాలుగూ..."

బావ చెవులు అక్కడ లేవు. కళ్ళు మాత్రం బామ్మర్ది తెర మీదున్నాయి. వాడి కుర్చీకి అప్పుడే వీపు కూడా లేచింది. తన కుర్చీ కాలేమో, తిప్పబోతే ఉన్నచోట తిరగకుండా తెర చివరికి పోయి వేలాడింది.

"బావా, ముందు తిప్పు, తర్వాత జరుపు" అన్నాడు బామ్మర్ది. "జరిపాక తిప్పితే గానుగెద్దులా మధ్య చుక్క చుట్టూ తిరుగుతుంది."

"నాకు తెలుసులేరా! నీ పని నువ్వు చూసుకో."

బావకి ఒళ్ళు మండిపోయింది. జంటలూ లేవు, నకళ్ళూ లేవు, వడ్రంగన్నవాడు నాలుగు కాళ్ళూ నాలుగుగానే చేస్తాడని పంతంగా విడివిడిగా చేశాడు. ఎత్తు ఎంత పెట్టాలో తోచక పక్కకి తొంగి చూశాడు. వాడు పద్దెనిమిది అంగుళాలు పెట్టాడు. తనూ అంతే పెట్టాడు.

మధ్యాహ్నం ఓనరమ్మ భోజనానికి లేచింది. బామ్మర్ది క్యారేజీ అందుకున్నాడు. "రా బావా, అక్క నీకిష్టమైన కూర కట్టింది."

"నువ్వు పద. చేతులు కడుక్కొని వస్తా."

వాళ్ళ అడుగుల చప్పుడు గుమ్మం దాటిందో లేదో, బావ వాడి కుర్చీ ముందు వాలిపోయాడు. ముందు కాలు ఒక్కటే తెర నిండా కనిపించేదాకా బొమ్మని దగ్గరికి లాక్కున్నాడు; మిగతా మూడూ తెర అవతలికి పోయాయి. కింది కొసని పట్టుకుని ఆరంగుళాలు పైకి నెట్టాడు. కుంటి కుర్చీ తెచ్చినవాణ్ణి డిజైను గదిలో ఎవరు కూర్చోబెడతారు? సేవ్ చేసి, మూసేసి, ఈల వేసుకుంటూ భోజనానికి వెళ్ళాడు. ఆ పూట కూర అమృతంలా ఉంది.

భోజనాలయ్యాక ఓనరమ్మ మొదట బావ కుర్చీ తెరిచింది. "అందంగా ఉంది. కానీ ఆరేళ్ళ పిల్లలు దీని మీద కూర్చుంటే కాళ్ళు గాల్లో ఊగుతాయి కదయ్యా" అంది. బావ గతుక్కుమన్నాడు.

బామ్మర్ది కుర్చీ తెరిచింది. అది నేలకి కాస్త పైన తేలుతోంది. ఓనరమ్మ దాన్ని పట్టుకుని కిందికి జరిపింది. నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలకి ఆనాయి. బావ కళ్ళు నులుముకున్నాడు.

"పన్నెండు అంగుళాలు! పిల్లలకి సరిగ్గా సరిపోతుంది. వీపు కొంచెం తగ్గిస్తే చాలు" అంది ఓనరమ్మ.

బామ్మర్ది తల గోక్కున్నాడు. "అబద్ధం ఎందుకు మేడమ్, నేను పిల్లల సంగతే మర్చిపోయాను. పద్దెనిమిది పెట్టాను. నేను తిని వచ్చేలోపు ఎవరో సరిచేశారు."

ఓనరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే తప్పు కనిపెట్టి దిద్దిన ఆ మనిషే నాకు కావాలి. ఎవరైనా సరే, సీటు వాళ్ళదే."

బావ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "నేనే మేడమ్! ఒట్టు, నేనే!"

బామ్మర్ది మొహం చేటంత అయింది. "నా కోసమా బావా!" అంటూ వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"శభాష్! మరి నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటిగా తగ్గించావా?" అడిగింది ఓనరమ్మ.

సీటు చేతికందిన సంబరంలో బావ గబగబా చెప్పేశాడు. "అబ్బే, నాలుగూ కోస్తే కుంటి కుర్చీ ఎలా అవుతుంది మేడమ్? నేను కోసింది ఒక్క కాలే!"