వినపడితే చెయ్యి ఎత్తండి

"ఏందన్నా, వచ్చినోడివి పలకవు?"

బ్యాగు జిప్పు తీసిన చప్పుడు మాత్రం వినిపించింది.

వందనకు చూపు లేదు. ఆళ్లగడ్డలోని ఆ ప్రైవేటు స్కూల్ ఆఫీసులో క్లర్కుగా చేరి వారమే అయింది. తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, ఏ పనైనా చకచకా చేసేస్తుంది.

తీరా చూస్తే ఆ కంప్యూటర్ పాతది. దాని సౌండ్ ఎప్పుడో పోయింది.

"సోమవారానికి అది మాట్లాడల్ల. లేకుంటే ఇంకొకరిని పెట్టుకుంటానమ్మా" అని హెడ్‌మాస్టర్ ఆనందరావు తేల్చి చెప్పి, పెళ్లికని చాగలమర్రి వెళ్లిపోయాడు.

నంద్యాలలో కంప్యూటర్ షాపు నడిపే శివప్రసాద్‌ను ఫోన్‌లో బతిమాలుకుంది వందన.

"మా యోబన్నను పంపిస్తాండా. ఆయప్ప చెయ్యి పడితే రాయైనా మాట్లాడతాదిలేమ్మా" అన్నాడతను.

ఆ యోబన్నే ఈ పలకని మనిషి.

"మంచినీళ్లు తాగుతావా అన్నా?"

పలకలేదు.

"బస్సు తొందరగా దొరికిందా?"

ఊహూఁ. అబ్బో, ఏం పొగరు! కళ్లు లేనిదానితో మాటలేంటి అనుకుంటున్నాడు కాబోలు. ఇలాంటివాళ్లను వందన చాలామందినే చూసింది. చూసినా మనసు చివుక్కుమంది.

అతను వేలెడంత సౌండ్ కార్డు కంప్యూటర్‌కు గుచ్చి, చిన్న స్పీకర్ తగిలించాడు. టకటకమని కీబోర్డు కొట్టాడు.

"అమ్మా, నమస్కారం. నా మాట వినపడుతోందా?" అంది స్పీకర్‌లో ఒక ఆడగొంతు.

వందనకు ప్రాణం లేచొచ్చింది.

"వినపడతాంది! ముక్కలు ముక్కలుగా వస్తాంది గానీ, వినపడతాంది!"

మళ్లీ టకటక.

"వినపడితే చెయ్యి ఎత్తండి."

ఆమెకు నవ్వొచ్చింది. కస్టమర్ కేర్ ఫోన్‌లో వచ్చే గొంతు కూడా ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ ఉంటుంది. ఇవీ కంపెనీవాళ్లు పెట్టిన మాటలే అనుకుంది.

"ఇదేందప్పా, ఒకటో తరగతి పిల్లోళ్ల మాదిరి చెయ్యెత్తమంటాంది! నేనెత్తను పో."

ప్లగ్గు పీకి మళ్లీ పెట్టిన చప్పుడు. కీబోర్డు చప్పుడు.

"అమ్మా, ఇప్పుడు బాగుందా? బాగుంటే చెయ్యి ఎత్తండి."

ఈసారి గొంతు ఎక్కడా తెగలేదు.

"బంగారం మాదిరుందన్నా. ఇంక చాలు."

అతను ఆపలేదు. మళ్లీ పీకాడు, మళ్లీ పెట్టాడు.

"అమ్మా, ఇంకా తెగుతోందా? నిదానంగా చెప్పమంటారా?"

వందనకు ఇక ఆగలేదు.

"చూడు, మిషన్‌కుండే మర్యాద నీకు లేదు. అది అమ్మా అమ్మా అని పిలుస్తాంది. నువ్వు వచ్చినకాడ్నించి ఒక్క మాటన్నా పలికినావా? నాతో మాట్లాడితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

ఏడుపు తన్నుకొచ్చి మొహం తిప్పుకుంది.

కీబోర్డు ఆగిపోయింది. కుర్చీ జరిగింది. అడుగులు గుమ్మం దాటాయి. వెళ్లొస్తానన్న మాటైనా లేదు.

ఆమె కళ్లు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. పిల్లల పేర్లు, హాజరు, ఏది తెరిచినా గడగడా చదివేస్తోంది. ఉద్యోగం నిలబడినట్టే. సంతోషం పట్టలేక శివప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"ఏమ్మా, పని కాలేదంట గదా?" అన్నాడతను ముందే.

"ఎవరన్నారు? బ్రహ్మాండంగా మాట్లాడతాంది!"

"యోబన్న మెసేజ్ పెట్టినాడు. ఆయమ్మ చెయ్యెత్తలేదు, ఏడ్చింది, నా వల్ల కాలేదు అని. నీ ఉద్యోగం పోతాదని ఒకటే బాధ. ఇంకో కార్డు తెస్తానని కర్నూలు బస్సెక్కినాడు."

"అయ్యో! చెయ్యెత్తమనింది మిషన్ గదన్నా! ఆ మనిషి నోరు తెరిచి అడిగింటే ఎత్తకుందునా? నంబరియ్యి, నేనే మాట్లాడి ఎనక్కి పిలుస్తా."



"నువ్వు మాట్లాడితే ఆయప్పకు యాడ వినపడుతుంది తల్లీ? పుట్టు చెవుడు, మాట గూడా రాదు. మీ సార్‌కు ఫోన్‌లో చెప్పినా గదా, నీకు చెప్పల్యా?"

వందన వేళ్లు కీబోర్డును తడిమాయి.

ఆ మధ్యాహ్నమంతా ఒక్కొక్క అక్షరం కొట్టి, "అమ్మా, వినపడుతోందా?" అని ఆమెను అడిగింది మిషన్ కాదు, పలకడం లేదని ఆమె తిట్టి పంపిన ఆ మనిషే.