సముద్రపు దారి మేకు

పాత కోట తోట గేటు దగ్గర రెండు మేకులున్నాయి. ఒకటి కొండదారికి, ఒకటి సముద్రపు దారికి. ఎంచుకున్న దారి మేకుకు టోకెన్ తగిలించి వెళ్లాలి, తిరిగొచ్చాక తీసుకోవాలి.

మూడేళ్ల కిందట భిలాయి నుంచి ముగ్గురూ విహారానికొచ్చినప్పుడు, నరసింగరావు భార్య ఇక్కడే సముద్రంలో మునిగిపోయింది. "వదిన ఒక్కతే సముద్రం వైపెళ్లింది. నేను కొండదారిలో ఉన్నానన్నాయ్," అని ఉక్కు ప్లాంటులో తనతో పనిచేసే స్నేహితుడు చినబాబు ఒట్టేశాడు. నరసింగరావు నమ్మాడు. ఈ సాయంత్రం అతన్నే తోడు తెచ్చుకున్నాడు.

సముద్రపు దారి మేకుకు ఆనాడు భార్య తీసుకున్న తోట టోకెన్, దాని పక్కనే ప్లాంటు హాజరు ఇత్తడి టోకెన్ వేలాడుతున్నాయి. ఇత్తడి దానిమీద చినబాబు నంబరు. ఆ రోజు డ్యూటీకి వెళ్లే అలవాటులో తగిలించేశాడు. రెండిటి నుంచీ నీళ్లు కారుతున్నాయి.

"మూడేళ్లయింది, అవి తగిలించినోలిద్దరూ ఇంకా తిరిగి రానేదు బాబూ," అన్నాడు కాపలావాడు.

"ఏటన్నాయ్ చూస్తన్నావు? కొండదారినే పోదాం." వెనకనుంచి చినబాబు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి పడ్డచోట నరసింగరావు చొక్కా ఉప్పునీళ్లతో తడిసింది.