ఆంజనేయులు మీసం

"నేను బతికుండగా మీసం తీస్తావంట్రా? ఎవుడు పోయాడని?"

పిచ్చియ్య అరుపుకు మాచర్లలో ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ట్రంకుపెట్టె సర్దుకుంటున్న ఆంజనేయులు మూత పట్టుకుని అలాగే ఉండిపోయాడు. డ్రాయింగ్ బోర్డు, టీ-స్క్వేరు, వర్క్‌షాపు కోసం కుట్టించిన ఖాకీ బట్టలు, అమ్మ కొట్టిన కందిపొడి, అన్నీ సిద్ధం. తెల్లారితే ఇంజనీరింగు కాలేజీకి ప్రయాణం. మొదటి సెమిస్టరుకు సిద్ధం కానిదల్లా ముక్కు కింద ఉన్న ఆ నాలుగు వెంట్రుకలే.

"నాకు మాత్రం ఇష్టమా నాయనా? యేసుపాదం అన్న చెప్పాడు. ఫస్టియరోళ్ళు మీసంతో వస్తే సీనియర్లే పట్టుకుని గొరుగుతారంట."

పక్క వీధి యేసుపాదం ఆ కాలేజీలోనే చదివి నిరుడు బయటపడ్డవాడు. గడపవతల నిలబడి తలూపాడు.

"నిజమే బాబాయ్. సగం గొరిగి సగం ఉంచుతారు. ఒకడు మొండికేసి, పడలేక, పెట్టె సర్దుకుని ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ రాలా. బంగారం లాంటి సీటు గాలికి పోయింది."

"నేనొచ్చి చెప్తా ఆళ్ళకి!"

"నువ్వు చెప్తే ఇంకా ఏడిపిస్తారు నాయనా" అన్నాడు ఆంజనేయులు.

పిచ్చియ్య నాపరాయి క్వారీలో రాళ్ళు తీసే మనిషి. దేనికీ బెదరడు. కానీ తండ్రి పోయినప్పుడే కొడుకు మీసం తీసే ఇంట పుట్టాడు. ఇప్పుడు ఆ మీసం తీయమంటే, తన చావుకు తనే కబురు పెట్టినట్టుంది అతనికి. కొడుకును చూస్తే జాలి, మీసాన్ని చూస్తే భయం. ఏం చేయాలో పాలుపోక అరుగు మీద కూలబడ్డాడు.

అప్పటిదాకా పొయ్యి దగ్గర ఉన్న ఆంజనేయులు తల్లి రోశమ్మ బయటికొచ్చింది.

"దేవుడికిస్తే తప్పేంది? పోతా పోతా కోటప్పకొండ కాడ దిగండి. తలనీలాలిస్తే మీసం కూడా దాంతోపాటే పోద్ది. సీటొచ్చినందుకు మొక్కు తీరినట్టుంటది, ఆళ్ళు అడిగిందీ అయిపోద్ది."

దేవుడికి అడ్డం చెప్పే ధైర్యం పిచ్చియ్యకు లేదు. చానాసేపు గొణిగి, "కోటయ్య సామికైతే నేనేమంటా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కొండ కింద మంగలి కత్తి ముందు కూర్చున్నాడు ఆంజనేయులు. జుట్టు పోయింది, మీసమూ పోయింది. పై పెదవి తడుముకుంటే అది తనది కానట్టే ఉంది. పిచ్చియ్య మాత్రం కొడుకు ముఖం వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు.

"ఇటు తిరగమాక. సూడలేకపోతన్నా."

నరసరావుపేటలో బస్సు ఎక్కాక పిచ్చియ్య కాస్త తేరుకున్నాడు. రోశమ్మ పట్టుబట్టి తొడిగించిన తెల్లచొక్కా సర్దుకుని, కండక్టరుతో మొదలుపెట్టి, గంపతో ఎక్కిన ముసలమ్మ దాకా ఎవరినీ వదల్లేదు.

"ఈడు మా వోడే. ఇంజనీరింగు సదవబోతన్నాడు. నేనే ఈడి తండ్రిని."

ముసలమ్మ ఆంజనేయులు గుండు వైపు, పిచ్చియ్య వైపు మార్చి మార్చి చూసింది. "దేవుడి గుండులే అమ్మా" అని నవ్వాడు పిచ్చియ్య. ఆంజనేయులు సిగ్గుతో కిటికీలోకి ముఖం పెట్టేశాడు. నాన్న నోరు ఆపడం ఎవరి తరం?

కాలేజీ గేటు దాటగానే ఆంజనేయులు అడుగు నెమ్మదించింది. చెట్టు కింద ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తున్నాడు, ముఖం మీద సగం మీసంతో. ఇంకొకడు అగ్గిపుల్లతో వరండా పొడవు కొలుస్తున్నాడు. కొలత తప్పితే మళ్ళీ మొదటి నుంచి కొలవాలట. చుట్టూ సీనియర్లు పగలబడి నవ్వుతున్నారు.

"ఒరేయ్, కొత్త సరుకు! ఇటు రా!"

ఆంజనేయులు డ్రాయింగ్ బోర్డు గుండెకు హత్తుకుని వెళ్ళాడు. అందరికన్నా పొడుగ్గా ఉన్న సీనియరు చెయ్యెత్తినవాడల్లా ఆగిపోయాడు. నున్నటి గుండు చూశాడు. మీసం లేని మూతి చూశాడు. చెయ్యి దించేశాడు.

"ఆగండ్రా" అన్నాడు మిగతావాళ్ళతో. నవ్వులు ఆగిపోయాయి. "మీ నాన్నగారు... ఎప్పుడు తమ్ముడూ?"

ఆంజనేయులు చెట్టు కింది సగం మీసం పిల్లవాడి వైపు చూశాడు. కాదు అంటే ఆ చెట్టు కిందికి పోవాలి. అవును అంటే బతికున్న నాయనను నోటితో చంపుకోవాలి. పైగా ఆ నాయన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెనకే వస్తున్నాడు. అన్నీ వింటూనే వస్తున్నాడు. ఆంజనేయులు అవుననలేక, కాదనలేక, తల దించుకుని నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ నీళ్ళు చూసి సీనియరు భుజం మీద చెయ్యి వేశాడు. "ఏడవకురా. నీ జోలికి ఎవడూ రాడు. ఏమన్నా కావాలంటే నా రూముకు రా."

అంతలో వెనకాల పెట్టె కనిపించింది. "మీరెవరండీ?" అని అడిగాడు.

పిచ్చియ్య పెట్టె దించాడు. తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. చెట్టు కింద ఏడుస్తున్న సగం మీసం పిల్లవాడిని చూశాడు. కొండ దగ్గర నుంచీ తప్పించుకు తిరిగిన కొడుకు ముఖాన్ని, ఇప్పుడు తేరిపార చూశాడు.

"ఈడి బాబాయినయ్యా" అన్నాడు. "మొన్ననే మా అన్నకి దినం చేశాం. తండ్రి లేని బిడ్డ, కాస్త కనిపెట్టి సూసుకోండి."